రాత్రి అతికిన పోగు

మంగళగిరిలో అన్నదమ్ములిద్దరు పక్కపక్కనే గుంటమగ్గాలు వేసుకుని నేసేవారు. సంక్రాంతి ముందు షావుకారు ఇద్దరికీ ఒకే రకం పడుగు ఇచ్చి, భోగికి ముందే చీరలు అందాలన్నాడు.

తమ్ముడు దీపాలవేళకు నాడె పక్కన పెట్టి లేచేవాడు. అన్న అన్నం తిని మళ్ళీ గుంటలో దిగేవాడు. కండెలు చుట్టడానికి వదిన కూడా రాట్నం ముందు తూగుతూ కూర్చునేది.

"ఇట్టా పెందలాడే లేస్తే చీర మగ్గం దిగేదెప్పుడురా?" అన్నాడు అన్న.

"కళ్ళు మూతలు పడుతుంటే పోగు కనపడదన్నా. పొద్దున్నే కూర్చుంటాలే."

ఒక రాత్రి అన్న మగ్గం మీద పడుగు పోగు తెగింది. కునికిపాట్లు పడుతూనే అతికి, అచ్చులో పక్క సందులోకి దూర్చి నేసుకుపోయాడు. సందు కనపడని ఒత్తు నేతకు పేరు మంగళగిరి. తెల్లారి చూస్తే గుడ్డలో వెంట్రుకవాసి గీత, రాత్రి నేసిన మూరెడు పొడవునా సాగింది. ఆ పేకంతా పోగు పోగు ఊడదీసేసరికి మధ్యాహ్నమైంది. లాగినచోట పడుగు నలిగి ఇంకో నాలుగు పోగులు తెగాయి. ఆ నష్టం పూడ్చాలని ఆ రాత్రి ఇంకో గంట ఎక్కువ కూర్చున్నాడు. మర్నాడూ అదే వరస.

గడువునాటికి తమ్ముడివాటికంటే అన్నవి ఒక చీర తక్కువ. ఇచ్చినవాటిలో ఒకదాన్ని షావుకారు వెలుతురుకు ఎత్తి చూసి కూలి కోసేశాడు. అన్న ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, రాట్నం పక్కనే నిద్రపోయిన భార్యకు దుప్పటి కప్పాడు.

నీతి: అలసిన చేతితో చేసిన పనిని మర్నాడు మళ్ళీ చేయాల్సి వస్తుంది.

ఇది కథలో మాటే కాదు. జర్మనీలోని యేనా పట్టణంలో జైస్ కటకాల కర్మాగారాన్ని నడిపిన ఎర్న్‌స్ట్ అబ్బె 1900లో పనివేళను 9 గంటల నుంచి 8కి తగ్గించాడు. మన నేతవాళ్ళలాగే చేసినదానికింత చొప్పున కూలి తీసుకునేవాళ్ళ లెక్కలు తర్వాత తీస్తే, రోజు మొత్తం పని తగ్గకపోగా కాస్త పెరిగింది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35–40 గంటలు చేసేవారికంటే 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. అయితే రాత్రీపగలూ మనిషి ఉండితీరాల్సిన ఆసుపత్రి వార్డులో గంటలు తగ్గించాలంటే ఇంకో నర్సును పెట్టుకోవాలి. ఖర్చే, కానీ పెట్టాల్సిన ఖర్చు.

మీ కింద నలుగురు పనిచేస్తుంటే, రేపు సాయంత్రం వేళకు ఇంటికి పంపండి. వాళ్ళకోసం మేలుకుని కూర్చున్నవాళ్ళు ఆ ఇళ్ళలో ఉన్నారు.