త్రాటి కొస ఎవరి బాధ్యత?

బెంగుళూరు కృష్ణరాజేంద్ర మార్కెట్టు పరిసరములందలి అంగళ్ళలో నేటికిని త్రాటిని చుట్టలుగా నుంచి, కోరినంత కొలిచి కోసి యిత్తురు. పేటలు ఒండొంటిని ఒత్తుకొని నిలిచినంతవరకే త్రాడు. కోసినచోట ఆ ఒత్తిడి సడలును గనుక పురి విడి, నార చెదరును. బరువు మోయునది నడిమి భాగమే. చెడుట మాత్రము కొసనుండి మొదలగును.

ముడి వేయుట సులభమే, కాని ముడి గిలకలో దూరదు. నైలాను త్రాటికి నిప్పుసెగ చూపిన కొస కరగి గట్టిపడును, కొబ్బరిపీచు కాలిపోవును. పేటలను వెనుకకు మరల్చి త్రాటిలోనే అల్లుట దృఢము, అయితే కొస లావెక్కును. చక్కనిది దారపు కట్టు. గట్టి దారమును మెలికగా త్రాటివెంట పరచి, దానిపై బిగువుగా కొసవైపునకు చుట్టి, చివరను మెలికలో దూర్చి, దారపు మొదటి మొనను లాగి చుట్ల క్రింద అణచవలెను. చుట్టిన మేర త్రాటి లావునకు తక్కువ కారాదు. నేర్పరియైనవాడు కోయక మునుపే ఇరుప్రక్కల ఇట్లు కట్టి, నడుమ కత్తి పెట్టును.

ఇచటనే ధర్మసందేహము. కొసను కట్టవలసినవాడు అమ్మినవాడా, కొన్నవాడా, విడిపోవుచుండగా చూచినవాడా? కట్టుటవలన త్రాటి బలము ఇసుమంతయు పెరుగదు, మెచ్చువారును ఉండరు. అయినను ఆ ఋణము కోసినవానిదే యని మా యభిప్రాయము. త్రాడు తనంతట కొస కాలేదు గదా!

మన పిల్లలకు తెలుగు చదువ రాదని ఈ నగరమున తరచు విందుము. ఆ నింద అన్యాయము. ఉద్యోగమునకో వర్తకమునకో ఊరు విడిచి కోత వేసినవారు తాతలు, తండ్రులు. విడిపోవుచున్న పేటను తిట్టి యేమి ఫలము? కన్నడమును దూరముంచి తెలుగును కాపాడుదమను వారును కలరు. అది ముడివంటిది, ఈ ఊరి గిలకలో దూరదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురము మండలమున 1893లో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించి, కన్నడమునను గ్రంథములు వ్రాసి, 1979లో బెంగుళూరున దివంగతులైరి. పేటను మరల త్రాటిలోనే అల్లుట యన నట్టిది.

అయితే మా సూత్రము అందరియెడ చెల్లదు. బళ్ళారి తెలుగువారు ఊరు కదలలేదు. 1953లో రాష్ట్రపు గీత వారి నడుమ పడినది. వారు కోయలేదు, కోయుమని అడుగలేదు. ఋణము వారిదని యెట్లందుము? అయినను ఆ యిండ్లలో మనుమల చేయి పట్టి తెలుగు అక్షరములు దిద్దించు ముసలివారు నేటికిని కలరు.