సాటివారితో పోటీ

చాల యేండ్ల క్రిందటి మాట. మేము చదువుకొనిన పాఠశాలలో వార్షిక క్రీడోత్సవము జరుగుచుండెను. మా తరగతిలో ఒక బాలుడుండెను. వయస్సున మాకు సమానుడు. ఎత్తున మా మోచేతికి వచ్చువాడు. ఉపాధ్యాయులొకరు దయతలచి, పరుగు పందెములో అతనిని మాకంటె ఇరువది అడుగులు ముందుగా నిలువబెట్టిరి. అతడే గెలిచెను. చప్పట్లు మిక్కుటముగా మ్రోగినవి. వానిలో సగము నవ్వులే. మేమును నవ్వితిమి. బహుమతిగా నిచ్చిన పెన్సిళ్ల పెట్టెను అతడు మరునాడు ఉపాధ్యాయుని బల్లపై నుంచి, మాటాడక వెడలిపోయెను. గెలిచినవానికి ఈ అలుక యేమని మేము ఆశ్చర్యపడితిమి.

2024 సెప్టెంబరులో, మనవారు తరతరములుగా కాపురమున్న హోసూరున పుట్టిన నిత్యశ్రీ సుమతి శివన్, పారిస్ పారాలింపిక్ క్రీడలలో బ్యాడ్మింటన్ కాంస్యపతకము గెలిచెనన్న వార్త చదివినప్పుడు, మాకు ఆ పెట్టె జ్ఞప్తికి వచ్చినది. ఆమె ఆడినది ఎస్.హెచ్. 6 అను తరగతిలో. అందు స్త్రీల ఎత్తు 137 సెంటీమీటర్లకును, పురుషుల ఎత్తు 145 సెంటీమీటర్లకును మించరాదు. ఆమెకు ఎవరును పాయింట్లు ముందుగా దానము చేయలేదు. ఇండోనేషియా క్రీడాకారిణి రీనా మర్లీనాను 21-14, 21-6 తేడాతో ఓడించి ఆమె పతకమును సంపాదించుకొనెను.

ఈ రెండింటికిని గల భేదమే మా ప్రశ్న. మా మిత్రుని ముందుకు జరిపి నిలుపుట ఔదార్యము. అందు అతడు గెలిచినను గెలుపు అతనిది కాదు. ఓడినచో అది మరింత అవమానము. సాటివారితో పోటీ పెట్టుట న్యాయము. అందు నిజముగా గెలువవచ్చును. అంతకంటె ముఖ్యముగా, నిజముగా ఓడిపోవచ్చును. హర్యానాకు చెందిన నవదీప్ సింగ్ 2021లో జరిగిన టోక్యో క్రీడలందు ఈటె విసరుటలో నాలుగవవాడై వట్టి చేతులతో తిరిగివచ్చెను. అదే ఎఫ్ 41 తరగతిలో పారిస్‌లో 47.32 మీటర్లు విసరెను. అతనికంటె దూరము విసరిన ఇరాన్ క్రీడాకారుడు నియమోల్లంఘన కారణమున అనర్హుడు కాగా, స్వర్ణము నవదీప్‌కు దక్కెను. కనికరమునకు తావున్న చోట ఇంత కఠినముగా నియమము నడువదు.

“పొట్టివానికి పుట్టెడు బుద్ధులు” అని మనవారు మెచ్చుకొనుచునే వెక్కిరింతురు. వేరు తరగతి యనగానే “ఇది వెలివేయుట కాదా?” యని అడుగువారును కలరు. పరరాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన బిడ్డలకు తెలుగు విభాగము కావలెనన్నప్పుడు మనము కోరునది తేలిక ప్రశ్నపత్రము కాదుగదా!

అయినను గీత యెక్కడ గీయవలెనన్నది చిక్కు. విసరు క్రీడలలో ఎత్తు నొక్కదానినే కొలుచుట లేదు. పురుషులలో ఎఫ్ 41 వారికి ఎత్తు 145, చేతి పొడవు 66, రెండును కలిపి 200 సెంటీమీటర్లు మించరాదు. ఎఫ్ 40 వారికి ఆ కొలతలు 130, 59, 180. ఇందులకు కారణమున్నది. ఎకాండ్రోప్లేసియా గలవారి మొండెము ఇంచుమించు సాధారణ పరిమాణముననే యుండి, కాలుసేతులు కురచబారును. మరికొందరి దేహము అంతయు ఒకే పాళమున చిన్నదగును. ఎత్తున సమానులైనను చేయి పొడుగైనవాడు ఈటెను ఎక్కువ వేగముతో విసరగలడు. అందుచే కొలబద్ద చేతిని గూడ తాకవలసివచ్చినది.

146 సెంటీమీటర్ల వాని గతియేమి? అతడు ఆరడుగుల వారితో విసరవలసినదే. ఇది అతనికి అన్యాయమని మేము ఒప్పుకొందుము. కాని గీతను ఒక సెంటీమీటరు జరిపినచో అన్యాయము 147 సెంటీమీటర్ల వానికి బదిలీ యగును. ముందుగా చాటిన కొలత, న్యాయనిర్ణేత మనస్సునందలి జాలికంటె నమ్మదగినదని మా అభిప్రాయము.

పారా పవర్‌లిఫ్టింగులో ఎత్తునుబట్టి వేరు తరగతులు లేవు. అచ్చట దేహభారమునుబట్టియే విభాగములు. కురచ చేతులవానికి బరువును పైకెత్తవలసిన దూరము తక్కువ. మైదానమున లోపమైనది ఆ బల్లపై లాభమగుచున్నది! దీనిని మేము తప్పుపట్టజాలము. బాస్కెట్‌బాల్‌లో పొడగరికి గల లాభమును ఎవరు తప్పుపట్టిరి?

ఈ తరగతులన్నిటికిని ఒక్క లోటు కలదు: కొలతకు సరిపోవువారు ఒకచోట కూడవలెను. ఒక్కనికై ఏర్పరచిన తరగతిలో పందెము జరుగదు. ఆ క్రీడోత్సవము నాడు మా మిత్రునితో సరిసమానముగా పరుగెత్తదగిన బాలుడు, మాకు తెలిసినంతలో, ఆ తాలూకాలో మరియొకడు లేడు, వెదకినవారును లేరు.