చిత్రరూపము ఒకటియా, పెక్కులా?

నిజామాబాదు జిల్లాలో మామిడి, ఇప్ప చెట్ల కొమ్మల నంటి పెరుగు బదనికను పరాన్నభుక్కని తలచి పలువురు నరికివేయుదురు. నిజముగా చెట్టు రసమును త్రాగు మొక్కలకును ఆ పేరే వాడుకలో నుండుటచే ఈ నిరపరాధికి ఆ శిక్ష తప్పుటలేదు. ఆర్కిడ్డు కుటుంబమునకు చెందిన ఈ బదనిక కొమ్మపై చోటు మాత్రమే కోరును. గాలిలో వ్రేలాడు లావుపాటి వేళ్ళతో వాననీటిని, మంచును పట్టుకొని బ్రదుకును. సామర్లకోటలో నివసించి కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రింపజేసిన విలియం రాక్స్‌బర్గు 1795లో దీనిని లోకమునకు వర్ణించి చూపెను. నేటి శాస్త్రజ్ఞులు వాండా టెస్సెల్లేటా అనుచున్నారు. రేకులు పసుపువో లేతపచ్చవో యైయుండును, వానిపై గోధుమవన్నె గళ్ళు. పెదవి యనబడు నడిమిరేకు ఒకచోట ఊదా, వేరొకచోట నీలము, మరియొకచోట గులాబిచాయ. ఒక తోటలో గళ్ళు దట్టముగా నుండగా పక్కతోటలో అవి పలుచనై పచ్చదనమే పైకి తేలును.

ఈ పువ్వును చూపి "దీని రంగేమి?" అని యడిగినచో ఏమని చెప్పవలెను? పసివాని ప్రశ్నగా తోచు దీనిపై మన తార్కికులు శతాబ్దములు వాదించిరి. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున శుక్లము, నీలము, పీతము, రక్తము, హరితము, కపిశము అని యారు రూపములను, అనగా రంగులను, లెక్కించి, ఏడవదిగా చిత్రమును, అనగా పలువన్నెల రూపమును, నిలిపెను. దీని వెనుకనున్న యుక్తి సామాన్యమైనది కాదు: అవయవములకంటె వానితో నేర్పడిన మొత్తమగు అవయవి వేరు, రూపము తన యాశ్రయము నంతటను వ్యాపించియుండునది, రూపము లేని ద్రవ్యము కంటికి కానరాదు, పువ్వు కానవచ్చుచున్నది గనుక దానికంతకు నొక రూపముండవలెను, అది కేవలము పీతమును గాదు, కేవలము కపిశమును గాదు గనుక చిత్రమను వేరొక రూపమే కావలెను. ఈ యుక్తిని అన్నంభట్టుకు ముందే నవ్యనైయాయికుడగు రఘునాథ శిరోమణి త్రోసిపుచ్చి, రూపము ఆశ్రయమున కొంతమేరనే యుండవచ్చుననియు, అట్లొప్పుకొన్నచో ఏడవ రూపమున కక్కరయే లేదనియు వాదించెను.

ఈ చిత్రరూపవాదమువలన లాభము పొందినవారు జైనులు. చిత్రరూప మొకటి కలదని యొప్పుకొన్న వైశేషికుడు, ఒకే వస్తువు ఏకమును అనేకమును కావచ్చునను అనేకాంతవాదమును కాదనజాలడని వీరిరువురికంటె ముందే జైనాచార్యుడగు హేమచంద్రుడు ఎత్తిచూపెను. జైనము ఈ జిల్లాకు పరాయిది కాదు: జైనగాథల బాహుబలి యేలిన పౌదనపురము ఇచ్చటి బోధనే యని పలువురు చరిత్రకారులు భావించిరి. బోధననగానే షక్కర్‌నగరపు చక్కెర కార్ఖానా మాత్రమే మనసున మెదలువారు ఈ సంగతి నెరుగుట మంచిది.

ఇక నేటి జన్యుశాస్త్రము. బదనికకు దగ్గరి చుట్టమైన ఫెలినాప్సిస్ ఆర్కిడ్లలో ఒకే కుటుంబపు మూడు నియామకజన్యువులు పని పంచుకొనుచున్నవని తైవాను శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించిరి: ఒకటి రేకునంతను ఎరుపెక్కించును, ఒకటి చుక్కలు పెట్టును, ఒకటి ఈనెల వెంట రంగు తీర్చును. హార్లెక్విన్ రకముల రేకులపై కానవచ్చు పెద్ద నల్లని మరకలకు, తావు మార్చుకొను జన్యుఖండ మొకటి చుక్కల జన్యువు ముంగిట వచ్చి చేరుటయే మూలమని 2019లో తేలెను. ఇంతవరకు గెలుపు రఘునాథునిదే. గడికి గడికి, గీతకు గీతకు వేరువేరు కారణము లున్నవి.

కాని వైశేషికుల మరియొక నియమము, కారణమునందలి గుణమే కార్యమున గుణమును పుట్టించుననునది, దారముల రంగే బట్టకు రంగగుననునది, ఇచ్చట చెల్లదు. జన్యువున ఊదా లేదు, నీలము లేదు. ఆ జన్యువులను మోయు ఆర్కిడ్డు విత్తనములు ధూళివంటివి, మొలకకు కావలసిన తిండియైన తమలో దాచుకొననివి. అడవిలో శిలీంధ్ర మందించు చక్కెర మొదలైన పోషకములతో మొలచును. 1922లో లూయిస్ నడ్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు శిలీంధ్రము లేకయే, చక్కెర కలిపిన అగారుపై వానిని మొలిపించెను. (చెరకు పండించువారు ఒకింత గర్వింపవచ్చును!) ఆ ధూళిని ఎంత వెదకినను రేకుల రంగు దొరకదు.

అన్నిటికంటె నన్నాకర్షించినది గోధుమవన్నె. పెక్కు ఆర్కిడ్లలో ఇది వేరొక రంగుపదార్థము కానేకాదు. పైపొర కణములలో ఎర్రని ఆంథోసయనిన్, వాని క్రిందనో ప్రక్కనో పత్రహరితము గాని పసుపు కెరోటినాయిడ్లు గాని యుండగా, ఆ కలయికయే మన కంటికి కపిశముగా తోచును. అనగా అన్నంభట్టు శుద్ధరూపములలో లెక్కించిన కపిశమే సూక్ష్మదర్శిని క్రింద చిత్రమగుచున్నది. చిత్రమును జాబితానుండి తొలగింపగోరువాడు కపిశము నేల యుంచవలెను? కణముదాక పోయి ఆగవలెనన్నచో, అచ్చటనే యాగుటకు హేతువేమి? పరమాణువుదాక పోయినచో కంటికి కానవచ్చు రూపమే మిగులదని వైశేషికులే యొప్పుకొందురు.

అందుచే హేమచంద్రుని పక్షమే నాకు బలముగా తోచుచున్నది. కొమ్మక్రింద నిలుచున్నవానికి పువ్వు గోధుమవన్నె, చేత పట్టినవానికి గళ్ళు, సూక్ష్మదర్శినిలో చూచినవానికి ఎరుపు పచ్చల కణములు. ముగ్గురిలో నెవరును పొరబడలేదు, పొరపాటు తన దృష్టియే సమస్తమనుటలో నున్నది. ఈ గళ్ళను ఈశ్వరుని కుంచెకు అప్పగించి ఊరకుండుటయే భక్తి యనువారు కొందరు కలరు. చూచుటకు బద్ధకించిన భక్తి ఎంతటిదో వారే చెప్పవలెను. తర్కసంగ్రహమును బోధించు పండితులు చిత్రరూపమునకు రంగుల వస్త్రము నుదాహరించుటతో తృప్తిపడక, ఒక వేసవిలో విద్యార్థులను పూచిన బదనిక యున్న మామిడితోటకు తీసికొనిపోయి పాఠము చెప్పవలెనని ప్రార్థించుచున్నాను.