మళ్ళీ అదే పాపమా?



తపస్కాలం వచ్చిందంటే పాపసంకీర్తనం కోసం మన దేవాలయాలలో వరుసలు కడతాం. ఆ వరుసలో నిలబడ్డ చాలామందికి మనసులో ఒక మాట గుచ్చుకుంటుంది. "పోయిన ఏడాది చెప్పిన పాపమే ఈ ఏడాదీ చెప్పబోతున్నాను కదా!" ఒకరికి అది తాగుడు. ఒకరికి కోపం. మరొకరికి అబద్ధం. ఇంకొకరికి చేతిలోని ఫోనులో చూడరానివి చూడటం. "ఇక మానేస్తాను ప్రభువా" అని కన్నీళ్ళతో మాట ఇస్తాం. మూడు నెలలు తిరక్కముందే మళ్ళీ అక్కడికే చేరుకుంటాం. కొందరు సిగ్గుపడి పాపసంకీర్తనానికి రావడమే మానేస్తారు. మరికొందరు "నా స్వభావమే ఇంత, నేనేం చేయను?" అని తమకు తామే సర్దిచెప్పుకుంటారు.

వీరిలో ఎవరిది సరైన దారి? అలవాటుగా మారిన తప్పుకు మనిషి బాధ్యుడా, కాడా? ఈ ప్రశ్నకు జవాబు వెదికేముందు, మన పిల్లలు కాలేజీలో చదివే మనస్తత్వశాస్త్రం తొలి పాఠాలను ఒకసారి తెరిచి చూద్దాం.

అందులో తప్పక కనిపించే పేరు ఇవాన్ పావ్లోవ్ (1849-1936). రష్యాలో ఒక ఆర్థడాక్స్ గురువు కుమారుడు. మొదట గురువిద్యాలయంలో చదివి, తర్వాత విజ్ఞానశాస్త్రం వైపు మళ్ళాడు. జీర్ణక్రియపై చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన కుక్కలకు ఆహారం పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపించాడు. కొన్నాళ్ళకు ఆహారం కనబడకపోయినా ఆ శబ్దానికే కుక్క నోట లాలాజలం ఊరసాగింది. దీనిని తెలుగు పాఠ్యపుస్తకాలు 'నిబంధనం' అంటాయి. బైబిలులోని పాత నిబంధన, కొత్త నిబంధనలతో దీనికి పొత్తు లేదు. ఒకదానితో మరొకటి ముడిపడిపోవడమని ఇక్కడ అర్థం.

మనం కుక్కలం కాము. అయినా మన శరీరానికీ ఈ ముడి తెలుసు. చింతకాయ పేరు చెబితే మనకు నోరూరదా? కూలి డబ్బు చేతిలో పడిన శనివారం సాయంత్రం, దుకాణం ఉన్న మలుపు, రమ్మని పిలిచే స్నేహితుడి గొంతు, ఇవన్నీ తాగుడు అలవాటున్న మనిషికి ఆ శబ్దం వంటివే. గ్లాసు ముట్టకముందే శరీరం సిద్ధమైపోతుంది.

పావ్లోవ్ మరో సంగతి కూడా గమనించాడు. శబ్దం వినిపించి ఆహారం పెట్టకుండా ఉంటే, క్రమంగా లాలాజలం ఊరడం ఆగిపోయింది. కానీ కొంత విరామం ఇచ్చి మళ్ళీ శబ్దం వినిపిస్తే, ఎవరూ కొత్తగా నేర్పకుండానే అది తిరిగి కనిపించింది. అంటే పాత ముడి పూర్తిగా చెరిగిపోలేదు, అణగి ఉంది. ఆరు నెలలు మానేసిన భర్త ఒక పండుగనాడు మళ్ళీ తాగి వస్తే, "నీ ఒట్టంతా నాటకం" అనే ముందు ఈ సంగతి తలచుకోండి. ఆనాటి అతడి పశ్చాత్తాపం నిజమే కావచ్చు. పాత ముడి కూడా ఇంకా బతికే ఉంది.

రెండో పాఠం అమెరికా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ (1904-1990)ది. ఏ పనికి మంచి ఫలం దక్కుతుందో ఆ పనిని ప్రాణి మళ్ళీ చేస్తుంది. దీనిని 'పునర్బలనం' అంటారు. మీట నొక్కితే తిండి దొరికిన ఎలుక మళ్ళీ మీట నొక్కుతుంది. చిత్రమేమిటంటే, నొక్కిన ప్రతిసారీ తిండి దొరికిన ఎలుక కంటే ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికిన ఎలుకే, తిండి ఆపేశాక కూడా ఎక్కువసేపు నొక్కుతూ ఉంటుంది.

తల్లులారా, ఇది మీకు కొత్త కాదు. అంగట్లో బొమ్మ కోసం బాబు ఏడుస్తాడు. నాలుగుసార్లు కాదంటారు. ఐదోసారి, నలుగురిలో పరువు పోతుందని కొనిపెడతారు. మీరు బొమ్మ ఇచ్చామనుకుంటారు. వాడు మాత్రం 'ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుంది' అన్న పాఠం నేర్చుకుంటాడు. పేకాట, లాటరీ కూడా మనిషిని ఈ దారినే పట్టుకుంటాయి.

స్కిన్నర్ అక్కడితో ఆగలేదు. 1971లో వెలువరించిన ఒక పుస్తకంలో, మనిషికి స్వేచ్ఛ ఉందన్న భావననే వదులుకోవాలని వాదించాడు. మనల్ని నడిపేది మన పరిసరాలేనన్నాడు. ఇక్కడ మనం నిలిచి ఆలోచించాలి. అదే నిజమైతే పాపం అనేది లేదు. పాపం లేకపోతే పశ్చాత్తాపానికీ క్షమాపణకూ అర్థం లేదు. పుణ్యానికీ అర్థం లేదు. జబ్బుపడ్డ బిడ్డ పక్కన రాత్రంతా మేల్కొన్న తల్లి ప్రేమ కూడా మీట నొక్కిన ఎలుక పనితో సమానమవుతుంది. మన మనస్సాక్షి దీనిని ఒప్పుకుంటుందా?

అయితే, ఈ పరిశోధనలలో ఉన్న సత్యాన్ని శ్రీసభ త్రోసిపుచ్చదు. పునీత రెండవ జాన్ పాల్ పాపుగారి కాలంలో, 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1735వ పేరా చూడండి. అజ్ఞానం, బలవంతం, భయం, అలవాటు వంటివి ఒక క్రియకు మనిషి వహించే బాధ్యతను తగ్గించగలవనీ, ఒక్కోసారి తొలగించనూ గలవనీ అది బోధిస్తుంది. బాధ్యత తగ్గినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. తాగిన చేతి దెబ్బ తిన్న ఇల్లాలికి దెబ్బ దెబ్బే. ఆమెకూ పిల్లలకూ రక్షణ కావాలి. రక్షణ కోరుకోవడం క్షమించకపోవడం కాదు. ఆ మనిషి హృదయంలో దోషం ఎంత అన్నది మాత్రం దేవుడు తూచవలసిన సంగతి.

మరి మన స్వేచ్ఛ ఎక్కడుంది? పునీత అగుస్తీను తన 'కన్ఫెషన్స్' గ్రంథంలో తల్లి మోనికమ్మ చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాడు. పీపాలోంచి ద్రాక్షారసం తెమ్మని తల్లిదండ్రులు ఆమెను పంపేవారు. ఆ పిల్ల తాగాలన్న ఆశతో కాక చిలిపితనంతో పెదవి తడిపేంత మాత్రం రుచి చూసేది. రోజుకింత పెరిగి, చివరకు గిన్నెల కొద్దీ తాగడం అలవాటైంది. వెంట వెళ్ళే పనిమనిషి ఒకనాడు పోట్లాటలో ఆమెను తాగుబోతని ఎత్తిపొడిచింది. ఆ మాట ములుకులా తగిలింది. మోనిక తన తప్పును తాను చూసుకుని, అక్కడితో మానేసింది.

పెదవి తడిపిన నాడు ఆమె స్వేచ్ఛ నిండుగా ఉంది. గిన్నె నిండేనాటికి సన్నబడింది. కానీ చావలేదు. తన స్థితిని తాను చూసి "ఇది తగదు" అనుకోగలగడం ఏ ఎలుకకూ లేని వరం.

అందరికీ ఆ ముడి ఒక్క మాటతో తెగదు. ఐర్లండులోని డబ్లిన్ నగరంలో మాట్ టాల్బట్ (1856-1925) అనే కూలివాడు చిన్నతనంలోనే తాగుడుకు బానిసయ్యాడు. 1884లో, 28 ఏళ్ళ వయసులో, తాగనని ఒట్టు పెట్టుకున్నాడు. అదీ జీవితాంతానికి కాదు, మూడే నెలలకు. అవి గడిచాక గడువు పెంచుకున్నాడు. ఆ తర్వాతే జీవితాంతం అన్నాడు. జేబులో డబ్బు పెట్టుకోవడం మానేశాడు. పని ముగిశాక దుకాణానికి వెళ్ళే వేళకు దేవాలయానికి వెళ్ళాడు. తెల్లవారుజామునే దివ్యబలిపూజలో పాల్గొని పనికి పోయేవాడు. పాత శబ్దం వినపడే దారి వదిలి, తనకు కొత్త దారి వేసుకున్నాడు. నలభై ఏళ్ళకు పైగా మద్యం ముట్టకుండా జీవించి, పూజకు వెళ్తూ దారిలోనే కన్నుమూశాడు. 1975లో శ్రీసభ అతడిని 'పూజ్యుడు'గా ప్రకటించింది.

పాపపు సందర్భాలకు దూరంగా ఉండాలని ఉపదేశం తరగతిలో మనకు నేర్పినది ఇదే. ఇది ఒక్కడి బాధ్యత కూడా కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ఊళ్ళోని సారా దుకాణం మూయించారు. మగవారికి బుద్ధి చెబితే చాలదు, ఆ మలుపులో దుకాణమే ఉండకూడదని వారు గ్రహించారు.

కాబట్టి ఈసారి ఆత్మశోధనలో "నేనేం చేశాను?" అన్న ప్రశ్నతో ఆగకండి. "ఏ వేళలో, ఏ చోట, ఎవరితో ఉన్నప్పుడు, ఏం జరిగాక పడిపోయాను?" అని కూడా అడగండి. అందులో ఒక్కదాన్ని మార్చుకోవడానికి నిర్ణయించుకోండి. దానిని గురువుగారికి చెప్పండి. తాగుడు ముదిరిపోతే వైద్యుని సాయం తీసుకోండి, అది విశ్వాసలోపం కాదు. ఇంట్లోవారు కూడా పడిపోయిన రోజునే కాక నిలబడిన రోజును కూడా గుర్తించి, ఒక మంచి మాట అనండి. దేవుని వరప్రసాదం మన శరీరాన్నీ, అలవాట్లనూ పక్కకు నెట్టి పనిచేయదు. వాటి మధ్యనే, మనం వేసే చిన్న అడుగుతోనే పనిచేస్తుంది.

అదే పాపంతో మళ్ళీ వరుసలో నిలబడవలసి వస్తే, నిలబడండి. తప్పిపోయిన కుమారుడు ఎన్నోసారి వచ్చాడని ఆ తండ్రి లెక్క చూడడు. వచ్చాడా లేదా అనే చూస్తాడు.