గోరువెచ్చని నీరు



నేను పండితుడను కాను. హైస్కూలుతో చదువు ముగించి, తండ్రిగారి నూనె కొట్టులో కూర్చున్నవాడను. ఈ సంచికకు ఏదైన వ్రాసి పంపుమని పెద్దలు కోరినపుడు, ధర్మవిషయము వ్రాయుటకు నేనెంతవాడనని సందేహించితిని. అయినను ముప్పది యేండ్లుగా నా మనస్సులో ఒక ప్రశ్న నిలిచియున్నది. అది వినుటకు చాల చిన్నది. కాచిన నీటిలో చన్నీరు కలిపి గోరువెచ్చగా చేసినచో, దానిని కాచిన నీరని చెప్పవచ్చునా?

మా సింగానల్లూరు ఎరుగనివారికి ఒక మాట. ఇది కోయంబత్తూరునకు తూర్పున, నొయ్యల్ నది దాపున, పెద్ద చెరువు గల ఊరు. 1981లో కోయంబత్తూరు కార్పొరేషను ఏర్పడినపుడు అందులో కలిసిపోయినది. నూలు మిల్లులతో పెరిగిన ప్రాంతము. ఇంట తెలుగు, వీధిలో అరవము మాట్లాడు కుటుంబములు ఇక్కడ తరతరములుగా నున్నవి. మా కొట్టులో బేరము రెండు భాషలలోను సాగును.

1994 చాతుర్మాసములో మా అమ్మగారు కాచిన నీరు మాత్రమే త్రాగుదునని పచ్చక్ఖాణము తీసికొనిరి. ఒకనాడు వారు ఏకాశనములో నుండిరి. ఇంట ఆడవారు పెండ్లికి పోయినందున సాయంకాలపు నీరు కాచి యిచ్చు పని నా మీద పడెను. నేను కొట్టు నుండి ఆలస్యముగా వచ్చితిని. నీరు తెర్లి దిగునప్పటికి సూర్యాస్తమయమునకు పది నిమిషములు కూడ లేదు. ప్రొద్దు క్రుంకిన తరువాత అమ్మగారు నీరు ముట్టరు. తెల్లవారి నవకారసీ దాటువరకు గొంతు తడుపుకొనుటకు వీలులేదు.

నీరు పొగలు గ్రక్కుచున్నది. కొట్టులో పొరుగూరి పార్టీ నా కొరకు కాచుకొనియున్నాడు. నేను గ్లాసులో మూడవవంతు వేడినీరు పోసి, మిగిలినది కుళాయి నీటితో నింపితిని. వ్రేలు ముంచి చూచితిని. త్రాగుటకు సరిగా నున్నది. తీసికొనిపోయి ఇచ్చితిని. అమ్మగారు సగము త్రాగి గ్లాసు దించి, “చాలు నాయనా” అనిరి. నేను కొట్టునకు పోయితిని.

ఇంతే జరిగినది. ఇందులో తప్పేమి యని మీలో కొందరు అనవచ్చును. తల్లి రాత్రి యంతయు దాహముతో నుండకూడదని గదా చేసితిని! నేనును చాలకాలము అట్లే సమాధానము చెప్పుకొంటిని. కాని ఆ సమాధానము నిలువలేదు. ఎందుకు నిలువలేదో లెక్కతోనే చెప్పెదను; వ్యాపారికి తెలిసిన భాష అదియే గదా.

వేడినీరు, చన్నీరు కలిసినపుడు వచ్చు వేడిమి సగటు లెక్క ననుసరించును. 100 డిగ్రీల నీరు ఒక లీటరు, 30 డిగ్రీల నీరు ఆరు లీటర్లు కలిపినచో ఏడు లీటర్లకును 40 డిగ్రీలు వచ్చును. పాత్ర లాగుకొనునది, గాలిలో పోవునది కొంచెము తగ్గును గాని లెక్క ఇదియే. స్నానమునకు చక్కగా సరిపోవు నీరు. చన్నీటి గంగాళములో వేడినీరు పోయుట, నేటి స్నానాల గదిలో రెండు కుళాయిలను ఒకటిగా త్రిప్పుట, అన్నియు ఈ లెక్కయే.

ఈ లెక్క మనకు క్రొత్తది కాదు. 9వ శతాబ్దములో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున జైన గణితవేత్త మహావీరాచార్యుడు “గణితసారసంగ్రహము” రచించెను. అందు మిశ్రక వ్యవహారమను ప్రకరణము కలదు. వేర్వేరు వన్నెల బంగారములను కరగి కలిపినచో వచ్చు వన్నె యెంత యను లెక్కలు అందున్నవి. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను. పదహారు వన్నెల బంగారము పది తులములు, పండ్రెండు వన్నెలది పది తులములు కరగించినచో పదునాలుగు వన్నెలు వచ్చును. నీటికి డిగ్రీ యెట్లో బంగారమునకు వన్నె యట్లు. లెక్క ఒక్కటే.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతయు ఇక్కడ నుండియే మొదలగును. వేడిమి సగటుకు వచ్చును. శుద్ధి సగటుకు రాదు. ఆరు గ్లాసుల కాచిన నీటిలో ఒక గ్లాసు కాచని నీరు పోసినచో ఏడింట ఆరు పాళ్ళు కాచిన నీరని చెప్పుకొనుటకు వీలులేదు. ఆ యేడు గ్లాసులును కాచని నీరు కలిసిన నీరే.

వైద్యులు చెప్పునదియు ఇట్లే యున్నది. నీటిని బాగుగా తెర్లించి, మూతపెట్టి, తనంతట చల్లారనిచ్చి త్రాగవలెను. చల్లార్చుటకని అందులో పచ్చినీరు గాని మంచుగడ్డ గాని వేసినచో కాచిన ఫలము పోవును. క్రిములు చచ్చుటకు వేడిమియు కావలెను, ఆ వేడిమి నిలుచు కాలమును కావలెను. పాలను శుద్ధిచేయు పద్ధతిలో 63 డిగ్రీల వద్ద 30 నిమిషములు, లేక 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు నిలుపుదురు. వెచ్చగా తగిలినంత మాత్రమున చాలదు.

శాస్త్రము చెప్పు అప్కాయ జీవులు వేరు, వైద్యులు చెప్పు క్రిములు వేరు. ఒకదానిని చూపి మరొకదానిని నిరూపించుట నా ఉద్దేశము కాదు. మన పెద్దలు ఈ విషయమును తమ దృష్టితో ముందే విచారించిరి. నీటిని సచిత్తము, అచిత్తము, మిశ్రము అని మూడు విధములుగా చెప్పిరి. శయ్యంభవసూరి దశవైకాలిక సూత్రములో సాధువులు విడువవలసినవాటిని లెక్కించుచు, వేడియైనను పూర్తిగా అచిత్తము కానిదానిని కూడ చేర్చెను. మూడు పొంగులు రావలెనను నియమము అందుకే. కాచిన నీటికి శ్వేతాంబర సంప్రదాయములో వేసవిని ఐదు ప్రహరములు, చలికాలమున నాలుగు, వానకాలమున మూడు అని గడువు పెట్టుటయు అందుకే. దిగంబర సంప్రదాయములో గడువులు వేరు, భావము ఒక్కటే. ఆచారాంగములోని మొదటి అధ్యయనమునకు శస్త్రపరిజ్ఞ యని పేరు. ఒక నీటికి మరొక నీరే శస్త్రము కాగలదని వ్యాఖ్యాతలు చెప్పిరి. కావున నేను గ్లాసులో పోసిన చన్నీరు ఉత్త చన్నీరు కాదు.

కాచుటలో మాత్రము హింస లేదా యని మా అబ్బాయి అడుగును. ఉన్నది. గృహస్థు ఆ సంగతి యెరిగియే, వలసినంతకే కాచి, గడువులోపల వాడుకొనును. ఆ హింసకు కట్టిన హద్దు అది. నేను చేసినది కాచిన హింసను ఉంచి, హద్దును తీసివేయుట.

స్నానమునకు కలుపుకొనుటయు త్రాగుటకు కలిపి యిచ్చుటయు ఒకటి కాదు. ఏడు లీటర్లను 30 నుండి 40 డిగ్రీలకు వెచ్చచేయుటకు పట్టు వేడిమితో ఒక లీటరును తెర్లించి ఆరు లీటర్లలో కలుపవచ్చును. కట్టెలు సమానమే. కాని ఏడు లీటర్లను తెర్లించుటకు దానికి ఏడు రెట్లు వేడిమి కావలెను. తరువాత చల్లారుటకు కాలము కావలెను. నేను ఆనాడు మిగుల్చుకొన్నది ఆ కాలమును. మిగిలినదానిని నా జమలో వ్రాసికొని, ఖర్చును అమ్మగారి వ్రతము మీద వ్రాసితిని.

మా నూనె వ్యాపారములో ఈ సంగతి రోజూ కనబడును. వేరుసెనగ నూనెలో పామోలిను కలిపినచో సగటు ధర వచ్చును. రెండు నూనెలు కలిపి అమ్ముటను చట్టము నిషేధింపలేదు. డబ్బా మీద ఏ నూనె, నూటికి ఎంత పాలు అని వ్రాయుమనుచున్నది. వ్రాసి అమ్మినచో అది సరకు; వ్రాయక అమ్మినచో అదియే కల్తీ. డబ్బాలోని నూనె రెండింటను ఒక్కటియే. ఈ మాట కొట్టులో గుమాస్తాలకు ఎన్నిసార్లు చెప్పితినో! ఇంటిలో నా తల్లికి మాత్రము పేరు వ్రాయని డబ్బా ఇచ్చితిని.

అమ్మగారి వ్రతము చెడెనా? చెడలేదనియే పెద్దలు చెప్పుదురు. పచ్చక్ఖాణములో ఆగారములు కలవు. తెలియక జరిగినది అనాభోగము. దానికి మినహాయింపు ఉన్నది. ఆ మినహాయింపు తెలియనివారికే. తెలిసి పోసినవానికి ఏ ఆగారమును లేదు. జాలితో పోసితిని గదా యందునా? నిజమైన జాలి యైనచో, “అమ్మా, నీరు ఇంకను చల్లారలేదు, ఆలస్యము నాదే, చన్నీరు కలుపనా?” అని అడిగియుండవలెను. వద్దనుటయో, రెండు గుక్కలు వేడిగానే చప్పరించుటయో వారి యిష్టము. ఆ యిష్టమును నేను వారికి తెలియకుండ తీసికొంటిని. హింస యనగా ప్రాణమును తీయుట మాత్రమే కాదని నాకు అప్పుడు తోచలేదు.

ఆ సంవత్సరము సంవత్సరీ నాడు మిచ్ఛామి దుక్కడం చెప్పుచు సంగతి బయటపెట్టితిని. అమ్మగారు కొంచెముసేపు నా వంక చూచి ఇట్లనిరి:

“ఆ రోజే తెలిసిందిరా. కాచిన నీళ్ళ రుచి నాకు తెలియదా? అందుకే సగంలో దించాను. మరునాడు ఉపవాసం చేశాను గదా.”

నేను నివ్వెరపోయి, “అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?” అంటిని.

“నువ్వు పని తొందరలో ఉన్నావు. నువ్వే చెపుతావని చూశాను. ఇంకెవరికీ అట్లా ఇవ్వకు” అనిరి.

ఆ ఉపవాసము నాకు గుర్తున్నది. ఏదో తిథి కాబోలు ననుకొంటిని. నా తొందరకు వారు కట్టిన వడ్డీ అది యని ఆనాడు తెలిసినది. ఇప్పుడు వారు లేరు. ఇంకెవరికీ ఇవ్వకుమన్న మాట ఉన్నది. ఆ మాట కొరకే ఈ వ్యాసము.

మన సంఘములో పర్యూషణము, తపోత్సవములు వచ్చినపుడు వందలమందికి కాచిన నీరు సిద్ధము చేయవలసివచ్చును. పాత్ర తరిగినపుడు, నీరు మరీ వేడిగా నున్నపుడు, సేవకు నిలుచున్న పిల్లలు ప్రక్కనున్న క్యాను నీరు పోయుటకు చేయి చాపుదురు. వారి తప్పు కాదు, మనము చెప్పలేదు. తెల్లవారుజామునే కాచి వెడల్పాటి పరాతులలో పోసి, పలుచని గుడ్డ కప్పి చల్లార్చవచ్చును. తొందరయైనచో వేడిపాత్రను చన్నీటి తొట్టిలో నిలుపవచ్చును. లోహము ద్వారా వేడి పోవును, నీటిలో నీరు కలియదు. మా కోయంబత్తూరు కాఫీ హోటళ్ళలో టంబ్లరు నుండి డబరాలోనికి ఎత్తిపోసి చల్లార్తురు. అందులో చుక్క నీరు పోయరు. పాత్ర మీద కాచిన వేళ వ్రాసి పెట్టవలెను. వ్రాయుటకు ఒక సుద్దముక్క చాలును.

అప్పటికిని నీరు చాలకపోయినచో, చాలలేదని చెప్పవలెను. తపస్సు చేయువారు దాహమును ఓర్చుకొనగలరు. చేతిలోని గ్లాసులో ఏమి కలిసినదో వారికి తెలియవలెను.

వ్రేలు ముంచి చూచినచో నీరు ఎంత వెచ్చగా నున్నదో తెలియును. అందులో ఏమి కలిసినదో పోసినవాడు చెప్పవలసినదే. నేను ఆనాడు చెప్పలేదు. ఈ పుట చదువు తల్లులందరికిని, అన్నదమ్ములందరికిని మిచ్ఛామి దుక్కడం.