నోరులేని జీవం – నత్త చెప్పే పాఠం

 

తొలకరి వాన పడిన మర్నాడు ఫజ్ర్ నమాజు ముగించుకుని ఇంటికి వస్తున్నప్పుడు దారి పక్కన నాపరాతి గోడలను ఎప్పుడైనా పరికించి చూశారా? రాయి మీద వెండి దారంలా మెరిసే ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత చివర, వీపున గుల్లను మోస్తూ, కొమ్ములు చాచుకుని ఒక చిన్న ప్రాణి సాగిపోతూ ఉంటుంది. అదే నత్త. మన పల్నాడు ఎండలు మీకు తెలియనివి కావు. ఏప్రిల్, మే నెలల్లో ఆ గోడ మీద చేయి కూడా పెట్టలేం. అప్పుడెక్కడా కనిపించని నత్త ఒక్క వానకే ఎక్కడి నుంచి వచ్చింది? ఇన్నాళ్ళూ ఏం తిని బ్రతికింది? ఈ నెల ఆ సంగతులు మాట్లాడుకుందాం. అయితే ముందుగా నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి.

చిటికెడు ఉప్పు

అప్పుడు నేను నాలుగో తరగతి. నత్త మీద ఉప్పు వేస్తే నురగ కక్కుతుందని తోటి పిల్లవాడు చెప్పాడు. వంటింట్లోంచి గుప్పెడు కల్లుప్పు తెచ్చి, గోడ మీద పాకుతున్న నత్త మీద చల్లాను. అది నురగలు కక్కుతూ మెలికలు తిరిగింది. మేము చప్పట్లు కొట్టాం. అరుగు మీద తస్బీహ్ చేసుకుంటున్న దాదీమా ఆ సందడి విని లేచి వచ్చింది. కొట్టలేదు, తిట్టలేదు. "నక్కో బేటా" అంటూ చెంబెడు నీళ్ళు తెచ్చి నత్త మీద పోసింది. అది మళ్ళీ కదల్లేదు.

"మొన్న నీ మోకాలు గీసుకుపోయింది కదా, దాని మీద ఉప్పు రాస్తే ఎలా ఉంటుంది? దీనికి ఒళ్ళంతా అలాంటి చర్మమేరా. నోరులేని జీవం కాబట్టి ఊరుకుంది. నోరుంటే ఊరంతా వినేది" అంది.

పెద్దయ్యాక చదువుకుంటే దాదీమా మాట ఎంత నిజమో తెలిసింది. నత్త శరీరంలో ఎక్కువ భాగం నీరే. దాని చర్మం పలుచగా, ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఉప్పు తగిలితే లోపలి నీరంతా బయటికి లాగేస్తుంది. తనను కాపాడుకోవడానికి నత్త తన జిగురునంతా కక్కుతుంది. మేము నవ్వుకున్న ఆ నురగ దాని ప్రాణపోరాటం అన్నమాట.

వీపున మోసే ఇల్లు

నత్త గుల్లను కొందరు చొక్కాలాంటిదనుకుంటారు, తీసి పక్కన పెట్టవచ్చనుకుంటారు. అది సరికాదు. గుల్ల దాని శరీరంలో భాగం. గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పటికే బుల్లి నత్తకు బుల్లి గుల్ల ఉంటుంది. నత్త పెరిగేకొద్దీ గుల్ల అంచున కొత్త పొర చేరుతూ, చుట్టు మీద చుట్టు తిరుగుతూ పెద్దదవుతుంది. అంచు కొద్దిగా విరిగితే నత్త తానే బాగుచేసుకోగలదు. గుల్లను ఊడబెరికితే మాత్రం చచ్చిపోతుంది.

ఈ గుల్ల దేనితో తయారవుతుందో తెలుసా? సున్నంతో! పిడుగురాళ్ళ వైపు వెళ్ళినప్పుడు సున్నపు బట్టీలు చూసే ఉంటారు. అక్కడ కాల్చే సున్నపురాయిలో ఉన్న పదార్థమూ, నత్త గుల్లలో ఉన్న పదార్థమూ ఒక్కటే – కాల్షియం కార్బొనేట్. మన పెద్దలు గుల్లలను కాల్చి కూడా సున్నం తీసేవారు. అందుకే 'గుల్ల సున్నం' అనే మాట వచ్చింది. మనుషులు బట్టీ పెట్టి, మంట వేసి, చెమటోడ్చి సున్నం చేస్తారు. నత్త మాత్రం తిన్న తిండిలోని సున్నాన్నే గుల్లగా మలచుకుంటుంది. బట్టీ లేదు, పొగ లేదు. సున్నం కొట్టిన గోడలను నత్తలు గీకడం చూసి ఆశ్చర్యపోకండి. గుల్ల కోసం వాటికి ఆ సున్నం అవసరం.

పొట్టతో నడక, నాలుకతో నమలడం

నత్తకు ఒకే పాదం. దాని పొట్ట కింది భాగమంతా ఒక పెద్ద కండరం. అది అలలు అలలుగా కదులుతూ ముందుకు సాగుతుంది. దారి పొడవునా జిగురు పరుచుకుంటుంది కాబట్టి గరుకు రాయి మీదా, చివరికి కత్తి అంచు మీదా ఒళ్ళు తెగకుండా పాకగలదు. నేలమీది నత్తకు రెండు జతల కొమ్ములుంటాయి. పొడవాటి కొమ్ముల కొసన కళ్ళుంటాయి. పొట్టి కొమ్ములతో వాసన, రుచి తెలుసుకుంటుంది. ముట్టుకుంటే కొమ్ములు లోపలికి ముడుచుకుంటాయి. దాని నోట్లో నాలుకలాంటి ఒక పట్టీ ఉంటుంది. దాని మీద వేలకొద్దీ సన్నని పళ్ళు వరుసలు తీరి ఉంటాయి. ఆకురాయితో గీసినట్లు ఆకును గీకి తింటుంది. ముందు పళ్ళు అరిగితే వెనుక నుంచి కొత్తవి వస్తాయి.

మన రక్తంలో ఇనుము ఉంది, అందుకే ఎర్రగా ఉంటుంది. నత్త రక్తంలో రాగి ఉంటుంది, అందుకే అది లేత నీలం.

దివ్య ఖుర్‌ఆన్‌లో నత్త పేరు కనిపించదు. కాని 24వ సూరాలో, అల్లాహ్ ప్రతి ప్రాణినీ నీటితో సృష్టించాడనీ, వాటిలో పొట్టతో పాకేవీ, రెండు కాళ్ళతో నడిచేవీ, నాలుగు కాళ్ళతో నడిచేవీ ఉన్నాయనీ తెలుపబడింది. గమనించారా? లెక్కలో పొట్టతో పాకేవే ముందు వచ్చాయి. మనం చిన్నచూపు చూసేవాటిని సృష్టికర్త మరచిపోలేదు. ఖుర్‌ఆన్‌లో తేనెటీగ, చీమ, సాలెపురుగు పేర్లతో సూరాలున్నాయి. 16, 27, 29 సూరాలు తెరిచి చూడండి.

తలుపు వేసుకుని నిద్ర

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలాక మన మెట్ట నేలల్లో చాలా చోట్ల వరి పొలాలు వచ్చాయి. కాలువల్లో, చెరువుల్లో, వరి మడుల్లో పెద్ద నీటినత్తలుంటాయి. వీటికి రెండు రకాల శ్వాస ఉంది. నీళ్ళలో చేపలా మొప్పలతో, గట్టు మీద మనలా ఊపిరితిత్తితో గాలి పీలుస్తాయి. గట్టున తడి మట్టిలో గుంట చేసి వందల కొద్దీ తెల్లని గుడ్లు పెడతాయి.

వేసవిలో చెరువు ఎండిపోతుంది. అప్పుడు నీటినత్త బురదలోకి దిగి, గుల్లలోకి ముడుచుకుని, పాదానికి అంటి ఉన్న గట్టి మూతతో గుల్ల వాకిలి మూసేసుకుంటుంది. నేలమీది నత్తకు అలాంటి మూత ఉండదు. అది తన జిగురునే పలుచని తెరగా ఆరబెట్టి వాకిలి కట్టేసుకుంటుంది. తిండి లేదు, నీళ్ళు లేవు. నెలల తరబడి నిద్రే. వాన పడి తేమ తగిలితే తలుపు తెరుచుకుంటుంది.

ఒక వింత చెబుతాను. 1846లో ఈజిప్టు ఎడారి నత్త ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చేరింది. అది చచ్చిపోయిందనుకుని గుల్లను అట్టకు అతికించి ప్రదర్శనలో పెట్టారు. 1850లో అట్ట మీద జిగురు మరకలు చూసి అనుమానం వచ్చి గోరువెచ్చని నీళ్ళలో వేస్తే నత్త బయటికి వచ్చింది! నాలుగేళ్ళు అది బ్రతికే ఉంది. బీడువారిన నేలను వానతో బ్రతికించేవాడే చనిపోయినవారినీ తిరిగి లేపుతాడని ఖుర్‌ఆన్ పదే పదే గుర్తుచేస్తుంది. తొలకరిలో తలుపు తెరిచే నత్తను చూసినప్పుడు ఆ మాట తలచుకోండి.

ఎవరి ఉపాధి వారికి

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఎన్నో రకాల పక్షులు గూళ్ళు కడతాయి. వాటిలో నత్తగుల్ల కొంగ ఒకటి. దాని ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. ఇదేమి లోపం అనిపిస్తుంది. లోపం కాదు, గట్టి గుల్లలోంచి నత్త మాంసాన్ని లాగి తినడానికి తగిన పనిముట్టు. భూమి మీద సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని 11వ సూరా చెబుతుంది. ఆకు నత్తకు, నత్త కొంగకు. ఒకదానికి ఒకటి ఆధారం.

మన చుట్టుపక్కల కొందరు నత్తల కూర వండుకుంటారు. హనఫీ ధర్మవేత్తలు నీటి జీవుల్లో చేపలను మాత్రమే అనుమతించారు కాబట్టి మన ఇళ్ళలో వండరు. అలాగని తినేవారిని చూసి ముక్కు చిట్లించకండి. దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ వంక పెట్టేవారు కాదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే ఊరుకునేవారు.

మరి పంట తింటే?

"నత్తలు మా నాన్న తోటను తినేస్తున్నాయి, చంపకూడదా?" అని మీలో రైతుబిడ్డలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 1847లో బెన్సన్ అనే వ్యక్తి మారిషస్ నుంచి ఆఫ్రికా రాక్షసి నత్తలను తెచ్చి కలకత్తాలో ఒక తోటలో వదిలాడు. అవి పెరిగి పెరిగి ఈనాడు ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాల్లో కూరగాయలు, బొప్పాయి, అరటి తోటలకు చేటు చేస్తున్నాయి. ఒక మనిషి ఆలోచించక చేసిన పనికి నూటడెబ్బై ఏళ్ళు దాటినా రైతులు మూల్యం చెల్లిస్తున్నారు. మన పనులూ మన తర్వాత మిగిలి ఉంటాయని మరువకండి.

పంటను కాపాడుకోవడం రైతు హక్కు. హాని చేసేదాన్ని తొలగించడం పాపం కాదు. కాని హింసించడం పాపం. చేతికి సంచి తొడుక్కుని నత్తలను ఏరి, ఒక్క దెబ్బతో చంపి, పూడ్చివేయాలి. వినోదం కోసం ఉప్పు చల్లి గిలగిలలాడటం చూడటం వేరు. ఒక ప్రవక్తను చీమ కుడితే ఆయన చీమల పుట్టనే తగులబెట్టించారట. ఒక్క చీమ కుట్టినందుకు దైవాన్ని స్తుతించే ఒక సమూహాన్నే కాల్చివేశావా అని అల్లాహ్ ఆయన్ను మందలించాడని హదీసులో ఉంది. మరోసారి కొందరు కుర్రాళ్ళు ఒక పక్షిని కట్టి దాని మీద బాణాలు గురిచూడటం హజ్రత్ ఇబ్నె ఉమర్ (ర) గారి కంటపడింది. ఆయన్ను చూసి వాళ్ళు చెల్లాచెదురయ్యారు. ప్రాణమున్నదాన్ని గురిగా పెట్టేవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన వారికి తెలియజేశారు.

దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు పోసిన మనిషి క్షమించబడ్డాడు. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయింది. చెంబెడు నీళ్ళు, గుప్పెడు ఉప్పు – మన చేతుల్లో రెండూ ఉన్నాయి.

మీరు చేయవలసినవి

దారిలో నత్త కనిపిస్తే ఎవరి కాలికిందా పడకుండా ఒక ఆకుతో పట్టి గట్టు మీద పెట్టండి. వట్టి చేతులతో పట్టుకోకండి. కొన్ని నత్తల్లో రోగాలు కలిగించే పురుగులుంటాయి. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆకుకూరలు బాగా కడిగిగాని వండవద్దని అమ్మీకి చెప్పండి. గొర్రెలు, గేదెలున్న ఇళ్ళవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మురుగు కుంటల్లోని చిన్న నత్తల ద్వారా పశువులకు కార్జపు జలగలు సోకుతాయి. అలాంటి కుంటల్లో వాటికి నీళ్ళు పెట్టకండి.

ఇక నత్తనడక అని ఎవరినీ వెక్కిరించకండి. కొంచెమే అయినా విడవకుండా చేసే పనే అల్లాహ్‌కు ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించారు. రోజుకు రెండు ఆయతులు చదివినా ఏడాదిలో ఎంత దూరం వెళతారో లెక్కవేసుకోండి. నత్త కూడా రాత్రంతా పాకి తెల్లవారేసరికి గోడ దాటేస్తుంది.

ఆ రోజు దాదీమా పోసిన నీళ్ళు నత్తను బ్రతికించలేదు. కాని ఆ తర్వాత ఇన్నేళ్ళలో నేను మరో ప్రాణిని ఆటకోసం చంపలేదు. ఆమె సమాధి మీద అల్లాహ్ తన కారుణ్యాన్ని కురిపించుగాక! నోరులేని జీవాల బాధను వినగల హృదయాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.