కిరాయి తుపాకులు - చిందిన రక్తానికి జవాబుదారు ఎవరు?

2007 సెప్టెంబర్ 16. బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో కొద్ది నిమిషాల్లోనే 17 మంది ఇరాకీ పౌరులు ప్రాణాలు కోల్పోయారు. తండ్రితోపాటు కారులో వెళుతున్న తొమ్మిదేళ్ళ బాలుడు కూడా వారిలో ఉన్నాడు. కాల్చినవారు ఏ దేశపు సైనికులూ కారు. అమెరికా దౌత్య సిబ్బందికి రక్షణగా నియమితులైన బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు.

చనిపోయినవారు ఇరాకీలు, నేల ఇరాక్‌ది. అయినా ఇరాక్ న్యాయస్థానాలు వారిని విచారించలేకపోయాయి. ఇరాకీలకు అధికారం అప్పగించడానికి ఒక రోజు ముందు, 2004 జూన్ 27న, ఆక్రమణ పాలనాధికారి పాల్ బ్రెమర్ సవరించి జారీ చేసిన 17వ ఉత్తర్వు, కాంట్రాక్టు పనుల విషయంలో విదేశీ కాంట్రాక్టర్లను స్థానిక చట్టం నుండి మినహాయించింది. ఏళ్ళ తరబడి సాగిన కేసులో 2014లో అమెరికా కోర్టు నలుగురిని దోషులుగా తేల్చింది. 2020 డిసెంబర్‌లో అధ్యక్షుడు ట్రంప్ ఆ నలుగురికీ క్షమాభిక్ష పెట్టారు. హంతకుణ్ణి క్షమించే హక్కు హతుని వారసులదని షరీఅత్ చెబుతుంది. ఇక్కడ బిడ్డను పోగొట్టుకున్నది ఒకరు, క్షమించింది మరొకరు!

కొందరు ఇలా అడగవచ్చు: "సైనికుడు కూడా జీతం తీసుకునే పోరాడుతున్నాడు కదా! మరి కంపెనీ మనిషి తీసుకుంటే తప్పేమిటి?"

ప్రశ్న సమంజసమైనదే. జీతం తీసుకోవడం పాపం కాదు. కుటుంబాన్ని పోషించుకోవడం ఆరాధనతో సమానమే. నిజానికి చిక్కు జీతంలో లేదు, జవాబుదారీతనంలో ఉంది. సైనికుడు తప్పు చేస్తే అతనిపై సైనిక న్యాయస్థానం ఉంటుంది, అతణ్ణి పంపిన ప్రభుత్వాన్ని ప్రజలు నిలదీస్తారు. కంపెనీ మనిషి చనిపోతే అతని పేరు సైనిక మృతుల లెక్కలోకే రాదు. అతను చంపితే ప్రభుత్వం కంపెనీ వైపు, కంపెనీ కాంట్రాక్టు వైపు వేలు చూపిస్తాయి. ఇక లాభం సంగతి. ఒక్కో గార్డుకు బ్లాక్‌వాటర్ రోజుకు 1,222 డాలర్ల చొప్పున బిల్లు వేసినట్లు 2007 అక్టోబర్‌లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ వెల్లడించింది. యుద్ధం సాగినంత కాలం ఆదాయం వచ్చేవాడు శాంతిని ఎందుకు కోరుకుంటాడు?

ఈ సందర్భంగా హిజ్రీ 8వ సంవత్సరపు సంఘటన ఒకటి గుర్తు చేసుకుందాం. మక్కా విజయం తరువాత దైవప్రవక్త (స), హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ని బనూ జదీమా తెగ వద్దకు పంపారు. యుద్ధం చేయడానికి కాదు, ఇస్లాం వైపు పిలవడానికి. ఆ తెగవారు తాము ఇస్లాం స్వీకరించామన్న సంగతిని సరైన మాటల్లో చెప్పలేకపోయారు. ఖాలిద్ (రజి) పొరబడ్డారు. కొందరు హతులయ్యారు. వార్త విన్న దైవప్రవక్త (స) చేతులెత్తి, ఆ పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. అంతటితో ఆగిపోలేదు. హజ్రత్ అలీ (రజి)కి ధనమిచ్చి పంపారు. ఆయన ప్రతి ప్రాణానికీ రక్తపరిహారం, ప్రతి వస్తువుకూ నష్టపరిహారం చెల్లించారు. చివరికి కుక్క నీళ్ళు తాగే పాత్రకు కూడా! మిగిలిన ధనాన్నీ వారికే ఇచ్చివేశారు.

ఆలోచించండి! చేసిన పనిని ఖండించడం వేరు, బాధ్యత నుండి తప్పుకోవడం వేరు. ఆజ్ఞ మీరి జరిగినదానికి కూడా పంపినవారే పరిహారం చెల్లించారు. నేటి ప్రభుత్వాలు మాత్రం బాధ్యతను వదిలించుకోవడానికే మనుషుల్ని కిరాయికి తెచ్చుకుంటున్నాయి.

ఇది ఎక్కడో దూరదేశపు గొడవ అనుకోకండి. 2004 ఆగస్టులో ఇరాక్‌లో హత్యకు గురైన 12 మంది నేపాలీలు పొట్టకూటి కోసం వెళ్ళిన కూలీలు. మన హైదరాబాద్ యువకుడొకరు ఉక్రెయిన్ యుద్ధంలో మరణించినట్లు 2024 మార్చిలో తెలిసింది. సహాయకుడి ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి రష్యాకు పంపితే, చివరికి చేరింది యుద్ధరంగానికి. అది కంపెనీ కాదు, ఒక దేశపు సైన్యమే. కానీ పేదవాడి అవసరాన్ని కొని యుద్ధానికి అమ్మే వ్యాపారం మాత్రం అదే.

కనుక తల్లిదండ్రులారా! విదేశీ ఉద్యోగమంటూ ఎవరైనా ఇంటికి వస్తే జీతమెంత అని అడిగే ముందు పని ఏమిటని అడగండి. మనకు అర్థంకాని భాషలో ఉన్న కాగితంపై బిడ్డ చేత సంతకం చేయించకండి. రేపు ప్రళయదినాన ప్రాణాల లెక్క అడిగినప్పుడు కాంట్రాక్టు కాగితం ఎవరినీ కాపాడదు, సంతకం చేసినవాణ్ణీ, చేయించినవాణ్ణీ.